కుట్టు బయటికి ఉన్న టోపీ

ఫోన్‌లో సరుకు ఎలా అమ్మాలో భిలాయి మొత్తం మీద నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదని నేను పదిమందిలోనూ చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి సిగ్గుపడను. చెప్పుల దుకాణం వాళ్ళు, పైపులూ పనిముట్లూ అమ్మేవాళ్ళు, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళ సరుకుకి ఫొటోలు తీస్తాను, హిందీలో, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాస్తాను, ఆన్‌లైన్ దుకాణంలో పేజీ తయారుచేసి పెడతాను. అంతటితో చేతులు దులుపుకునేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. నా అసలు పని అక్కడే మొదలవుతుంది.

అదే సరుకు అమ్మే వేరేవాళ్ళ పేజీలు మూడు వెతుకుతాను. మా పేజీతో కలిపి నాలుగింటినీ ఒకే సైజులో ప్రింటు తీయిస్తాను. కంపెనీ పేర్లు, ధరలు కత్తిరించేసి జిరాక్స్ షాపులో లామినేషన్ చేయిస్తాను. ఆ అట్టలు పట్టుకుని సరుకు నిజంగా కొనే మనుషులు తిరిగే చోటికి వెళ్తాను. పేకముక్కల్లా కలిపి వాళ్ళ ముందు పరుస్తాను. ఇందులో ఏది కొంటారు, మిగతావి ఎందుకు కొనరు? ఈ రెండే ప్రశ్నలు. వేలు మొదట ఏ అట్ట మీద పడిందో, నోటి నుంచి మొదట ఏ మాట వచ్చిందో రాసుకుంటాను. ఆ తర్వాత చెప్పేదంతా నన్ను నొప్పించకుండా చెప్పేదే, దాన్ని పెద్దగా పట్టించుకోను.

ఒకసారి ఒక దుకాణం వాళ్ళ చెప్పులు ఎంతకీ అమ్ముడవకపోతే ఇలాగే అట్టలు పట్టుకుని మార్కెట్లో తిరిగాను. "ఎవరో తొడిగినవిలా ఉన్నాయి" అన్నారు వరసగా ముగ్గురు. చూస్తే ఫొటో తడినేల మీద తీశారు. అంచులు తడిసి మురికిగా కనిపిస్తున్నాయి. పొడినేల మీద మళ్ళీ తీయించాను, చెప్పులు కదిలాయి. ఆ దుకాణదారు ఇప్పటికీ ప్రతి దీపావళికీ నాకు మిఠాయి డబ్బా పంపిస్తాడు. ఇంత తెలిసిన మనిషిని, మా అమ్మ కుట్టిన టోపీ దగ్గరికి వచ్చేసరికి బొక్కబోర్లా పడ్డాను.

ముందు టోపీ సంగతి చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనికి చేరాడు. పెళ్ళయి అమ్మ క్యాంప్ 1 బస్తీలో కాపురానికి వచ్చేనాటికే ఆయన నుదుటికి అడ్డంగా ఒక పుండు ఉండేదట. హెల్మెట్ లోపలి పట్టీ చెమటకి నాని, ఒరిసి ఒరిసి పడిన పుండు. మానేది, మళ్ళీ రేగేది. అమ్మ తన పాత నూలు చీర చింపి, రెండు పొరలు వేసి, హెల్మెట్ కింద పెట్టుకోవడానికి ఒక టోపీ కుట్టింది. ఎవరైనా కుట్టినట్టే అతుకులు లోపలికి పెట్టి కుట్టింది. వారం గడిచాక చూస్తే పట్టీ ఒరిసిన చోటే ఇప్పుడు అతుకు ఒరుస్తోంది. అమ్మ ఆ టోపీని తిరగేసింది. అతుకులు బయటికి, నున్నటి వైపు తలకి. పుండు మానిపోయి, దాని చోట ఒక నల్లటి గీత మాత్రం మిగిలింది.

నాన్నతో పనిచేసేవాళ్ళు మాకూ కుట్టమని అడిగారు. మేము ఖుర్సీపార్‌కి మారాక మా సందువాళ్ళు, పక్క సందువాళ్ళు అడిగారు. అలా ఏళ్ళ తరబడి అమ్మ మిషన్ ఆగలేదు. మా వైపు షిఫ్టుకి వెళ్ళేవాళ్ళ హెల్మెట్ కింద అతుకులు బయటికి ఉన్న టోపీ కనిపించడం అందరికీ అలవాటే. నేనైతే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదే టోపీ చూస్తున్నాను. టోపీ అంటే అలాగే ఉంటుందనుకున్నాను.

ఈమధ్య అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పాతవాళ్ళు రిటైరయ్యారు. కొత్తగా కాంట్రాక్టు పనికి వచ్చేవాళ్ళు ఏది కావాలన్నా ఫోన్‌లోనే తెప్పించుకుంటారు. కిందటేడు హోలీ వెళ్ళాక ఒకరోజు అమ్మావాళ్ళింటికి వెళ్ళేసరికి మిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. దాని మీద పప్పుల డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"అదేంటమ్మా, మిషన్ మూసేశావు?" అన్నాను.

"ఎవలికీ అక్కర్నేని పని ఎందుకేటి? కల్లు కూడా అగుపడ్డం నేదు. ఒగ్గీసేను" అంది అమ్మ.

కళ్ళ మాట ఒట్టి నెపం. సూదిలో దారం ఎక్కించడంలో ఈనాటికీ నేను ఆవిడతో పోటీపడలేను. ఆవిడకి కావాల్సింది గుమ్మంలో నిలబడి "అమ్మా, టోపీ ఉందా?" అని అడిగే మనిషి. అలాంటి మనిషి రాక ఎన్నాళ్ళయిందో ఆ డబ్బాల మీది దుమ్మే చెబుతోంది. నాకు ఒళ్ళు మండింది. ఊరందరి సరుకూ అమ్మిపెట్టే నేను అమ్మ టోపీ అమ్మలేనా?

"దసరా లోపు నీ మిషన్‌కి తీరిక లేకుండా చేస్తాను చూడు" అన్నాను.

"సూద్దాంలే. అప్పటికీ ఎవలూ అడక్కపోతే దసరాకి దాన్ని మీ సిన్నాన్న కూతురికి ఇచ్చీత్తాను. ఆ గుంట నేర్సుకుంతానంతంది" అంది.

ఆ రోజే ఫొటో తీశాను. టోపీకి ఆకారం రావాలి కదా, అమ్మ స్టీలు చెంబు బోర్లించి దానికి టోపీ తొడిగి, మా ఆకుపచ్చ కిటికీ గట్టు మీద పెట్టాను. వెలుతురు చక్కగా పడింది. మెత్తని నూలు, రెండు పొరలు, చేత్తో కుట్టినంత శ్రద్ధ అని రాశాను. పేజీ పెట్టాను. చాలామంది చూశారు, చూసి వెళ్ళిపోయారు. నెల రోజుల్లో ఒకే ఒక్కరు కొన్నారు. ఆ ఒక్కటీ వారానికి తిరిగొచ్చింది. వెనక్కి పంపడానికి కారణం దగ్గర "లోపం ఉన్న వస్తువు" అని ఎంచుకున్నారు. అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు.

అమ్మ ఆ టోపీని గుమ్మంలోకి, వెలుతురులోకి తీసుకెళ్ళింది. అంచు నుంచి అంచు దాకా ఒక్కో కుట్టూ గోటితో తడిమి చూసింది.

"ఏటి నోపం? ఎక్కడో సెప్పనేదా?"

"చెప్పలేదమ్మా."

అమ్మ టోపీని మడిచి మిషన్ మీద డబ్బాల వెనకాల పెట్టేసింది. నన్ను రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

నా విద్య నా దగ్గరుండగా భయమెందుకని అట్టలు చేయించి ఖుర్సీపార్‌లోనే మొదలుపెట్టాను. టీ కొట్టు దగ్గర, రేషన్ షాపు వరసలో, మా సందులో అరుగుల మీద. నాలుగు అట్టలు పరవడమే ఆలస్యం, వేళ్ళు నేరుగా మా దాని మీదికే వచ్చాయి. ఒకరి తర్వాత ఒకరు, ఇంచుమించు అందరూ.

"ఇదే తీసుకుంతాను తల్లీ. ఇంకోటెందుకు?" అంది మూడిళ్ళ అవతలి పిన్ని.

"మిగతావి ఎందుకొద్దు పిన్నీ?"

"అయ్యెవలియో!"

ఇతరుల పేజీలు కొనేవాళ్ళకి నమ్మకం కలిగించడం లేదు అని నేను గంభీరంగా రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నమ్మకమే మన బలం కాబట్టి ఫొటో ఇంకా పెద్దది చేశాను, ఇంట్లో అమ్మ చేతి కుట్టు అని మరో వాక్యం తగిలించాను. పేజీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క ఆర్డరూ లేదు. ఇంతమంది ఇష్టపడిన పేజీ మీద ఎవరూ ఎందుకు కొనడం లేదో నా బుర్రకి ఎక్కలేదు.

చివరికి నాన్నతో కలిసి పనిచేసి రిటైరైన మామయ్యకి చూపించాను. ఆయన మా అట్ట తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "సెంబు బాగా తోమింది మీ అమ్మ" అన్నాడు.

"అది అమ్మ చెంబని మీకెలా తెలుసు మామయ్యా?"

"ఆ కిటికీ తెలీదేటి? ఆ సెంబుతో ఎన్నిమాట్లు మంచినీలు తాగేనో!"

నాకు అప్పుడు వెలిగింది. పేర్లు కత్తిరించాను, ధరలు కత్తిరించాను, కిటికీని వదిలేశాను. పోనీ కిటికీ లేకపోయినా, కూతురు అట్టలు పట్టుకుని ఎదురుగా నిలబడితే తల్లి కుట్టిన టోపీని కాదని ఇంకొకటి చూపించే మనిషి మా సందులో ఇంకా పుట్టలేదు. వాళ్ళు నాకు టోపీ గురించి చెప్పలేదు, మా అమ్మ మీద ఉన్న అభిమానం చెప్పారు. బయటివాళ్ళ పని అయితే నేను ఇలాంటి తప్పు చచ్చినా చేసేదాన్ని కాదు. సొంత మనుషులు కాబట్టి కళ్ళు మూసుకుపోయాయి.

మర్నాడే స్కూటీ తీసుకుని ఊరి బయట ఉన్న ఉతై వెళ్ళాను. అక్కడ పనిముట్ల దుకాణం ఒకటి ఉంది. అది నడిపే భయ్యాకి ఇదివరకు పేజీ చేసిపెట్టాను కాబట్టి కౌంటరు పక్కన ఒక స్టూలు వేసి కూర్చోమన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాంట్రాక్టు పనులకి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ఆ దుకాణం ముందునుంచే పోతారు. నన్ను గానీ మా కిటికీని గానీ ఎరిగినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.

మొదట దొరికింది ఒక ఆడమనిషి. కట్టుబడి పనుల్లో తట్టలు మోస్తుందట. చేతిలో పసుపు హెల్మెట్, చీర కొంగు నుదురు దాకా కట్టుకుంది. అట్టలు పరిచాను. ఆవిడ వేలు వరసగా కదిలి మా దాని మీద ఆగింది. నాకు ఉత్సాహం వచ్చింది.

"యే టోపీ తో ఉల్టా హై, దీదీ" అంది.

టోపీ తిరగబడి ఉందిట. నేను నవ్వి, సంచిలోంచి అసలు టోపీయే తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ చూసి, ఒక్క విసురుతో తిరగేసి, అతుకులు లోపలికి పోయేలా నున్నగా సర్ది, కొంగు మీదనే తలకి పెట్టుకుంది. ఇప్పుడు సరిగ్గా ఉంది అన్నట్టు తల ఊపి, తీసి నాకిచ్చి పనికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఇంచుమించు అందరి నోటా మొదటి మాట అదే. ఉల్టా. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న టోపీని నేను మొదటిసారి బయటి మనిషి కళ్ళతో చూశాను. నిజమే, ఎవరో తొందరలో తిరగేసి ఫొటో తీసినట్టే ఉంది. తిరిగొచ్చిన టోపీలో లోపం కూడా అదేనన్నమాట. అమ్మ గోటితో తడిమిన కుట్టులో లోపం ఎక్కడా లేదు. దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాను గానీ ఖుర్సీపార్ మలుపు తిరిగేసరికి ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పను?

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మిషన్ చప్పుడు వినిపించింది. ప్రాణం లేచొచ్చి పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాను. అమ్మ ముందు ఆరు కొత్త టోపీలు ఉన్నాయి. ఆరింటికీ అతుకులు లోపలికే.

"లోకమంతా అటుంటే నానొక్కర్తినీ ఇటెందుకు? పట్టుకెల్లు" అంది.

దాచడమెందుకు, నేను సంతోషంగా పట్టుకెళ్ళాను. ఫొటోలు తీసి, కొత్త అట్ట చేయించి, ఉతైలో చూపిస్తే ఎవరూ ఉల్టా అనలేదు. మిగతా మూడింటితో సమానంగా ఎంచుకున్నారు. నా లెక్క ప్రకారం ఇంక పేజీ మార్చేయడమే తరువాయి. అమ్మకి చెప్తే "సరే మరి" అంది. ఆ సరేలో సంతోషం లేదని నాకు తెలుసు. తెలియనట్టు ఊరుకున్నాను.

ఊరుకోనిది మా నాన్న. ఆయన మాట్లాడేది తక్కువ. మే నెల మధ్యాహ్నం, కాకి కూడా బయట లేని ఎండలో, ఆ ఆరింట్లో ఒక టోపీ తీసి తన బట్టతలకి పెట్టుకున్నాడు. మేకుకి వేలాడుతున్న పాత హెల్మెట్ దించి దాని మీద పెట్టుకున్నాడు. వాకిట్లో కూర్చుని కూలర్‌కి కొత్త గడ్డి కట్టడం మొదలుపెట్టాడు.

"ఈ ముసిలాయనకి ఎండ దెబ్బ తగిలినట్టుంది. తియ్యండది!" అని అమ్మ లోపలి నుంచి కేకలేసింది. ఆయన పట్టించుకోలేదు. రెండు గంటల పైన అలాగే పని చేసి, లోపలికి వచ్చి, అమ్మ ముందు పీట వేసుకుని కూర్చుని హెల్మెట్, టోపీ తీశాడు. నుదుటి మీద పాత నల్ల గీత ఉంది. సరిగ్గా దాని మీదనే ఎర్రగా కొత్త గీత తేలింది.

"ఉల్టా అన్నోలందరినీ ఇది పెట్టుకుని ఒక్క షిఫ్టు సేసి సూడమను" అన్నాడు.

అమ్మ కొంగు నీళ్ళలో తడిపి ఆ నుదురు తుడిచింది. కాపురానికి వచ్చిన కొత్తలో కూడా ఇలాగే తుడిచి ఉంటుందని నాకు అనిపించింది. తర్వాత బ్లేడు తీసుకుని ఆరు టోపీల కుట్లూ విప్పేసింది. విప్పేసి, మిషన్ మీద మళ్ళీ దుప్పటి కప్పి, డబ్బాలు యథాప్రకారం పేర్చింది. తప్పుగా కుట్టి అమ్మదు. సరిగ్గా కుడితే కొనేవాళ్ళు లేరు. ఇంక ఆవిడకి చేసేదేమీ లేదు. ఇది నేను తేల్చాల్సిందే.

"నాన్నా, అలాగే కూర్చో" అన్నాను.

పెళ్ళిళ్ళలో కూడా కెమెరా కనిపిస్తే మొహం తిప్పేసుకునే మనిషి, కదలకుండా కూర్చున్నాడు. కళ్ళు రాకుండా నుదురు ఒక్కటే తీశాను. నల్ల గీత, దాని మీద ఎర్ర గీత. రెండో ఫొటోలో పాత పద్ధతి టోపీ, బయటికి ఉన్న అతుకు మీద అమ్మ వేలు. చెంబు తీసేశాను, కిటికీ తీసేశాను, చేత్తో కుట్టినంత శ్రద్ధ అనే నా గొప్ప వాక్యం కూడా కొట్టేశాను. దాని బదులు హిందీలో రెండు ముక్కలు రాశాను. ఈ కుట్టు పొరపాటున బయటికి రాలేదు. మీ నుదురు ఒరవకూడదని బయటికి పెట్టాం.

కొత్త అట్టతో మళ్ళీ ఉతై. మూడో రోజున ఆ తట్టలు మోసే ఆవిడ మళ్ళీ కనిపించింది. ఆవిడ వేలు మిగతా మూడింటి మీదికి పోలేదు. నాన్న నుదుటి ఫొటో మీద ఆగింది. రెండో చేత్తో తన కొంగు పైకి జరుపుకుని నుదురు తడుముకుంది. నేను టోపీ ఇచ్చాను. ఈసారి తిరగేయలేదు. ఎలా ఇచ్చానో అలాగే పెట్టుకుని, "అచ్ఛా, ఇందుకా!" అన్నట్టు నా వైపు చూసింది.

ఆ తర్వాత పేజీకి ఆర్డర్లు ఎలా వచ్చాయో, ఎక్కడెక్కడి ప్లాంట్ల నుంచి వచ్చాయో నేను చెప్పడం మొదలుపెడితే గొప్పలకి అంతుండదు. దసరా వచ్చింది, వెళ్ళింది, మిషన్ ఇల్లు కదల్లేదు. చిన్నాన్న కూతురు మా ఇంటికే వచ్చి నేర్చుకుంటోంది. కానీ మొదటి ఆర్డరు రాకముందే, ఆ ఉతై రోజు సాయంత్రమే, మా ఇంట్లో ఈ విషయం తేలిపోయింది.

గెలిచినదాన్నిలా ఇంట్లో అడుగుపెట్టి, చెప్పులు కూడా విప్పకుండా అమ్మకి అంతా చెప్పాను. వేలు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, టోపీ ఎలా పెట్టుకుందో. అమ్మ బియ్యం ఏరుతూ వింది.

"నుదురు తడుంకుందా? ఆవిడికీ ఉందేటి గీత?"

"ఉన్నట్టే ఉందమ్మా."

"నొప్పెడతందా అని అడిగేవా?"

ఇన్నేళ్ళుగా అట్టలు పట్టుకుని ఇంతమందిని అడిగాను. ఏది కొంటారు, ఏది కొనరు, ఎందుకు కొనరు. ఆవిడ మొదటి మాట నా పుస్తకంలో ఉంది, వేలు ఆగిన చోటు కూడా ఉంది. నొప్పిగా ఉందా అని మాత్రం అడగలేదు.

"అడగలేదమ్మా" అన్నాను.

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. మిషన్ మీది పప్పుల డబ్బాలు ఒక్కొక్కటే దించి గోడవార పెట్టింది. దుప్పటి లాగేసింది.

"మల్లీ ఎప్పుడెల్తావు?"

"ఎల్లుండి."

"ఆ మనిసి తల ఎంతుంటాది?"

నేను రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించాను. అమ్మ కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా సూదిలోకి దారం ఎక్కించేసింది.